హైదరాబాద్ సంస్థాన సరిహద్దులో సాయుధ దళాల పోరు (1946–1951)

నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానపు తెలుగు జిల్లాల్లోనూ, వాటిని ఆనుకొని మద్రాసు రాష్ట్రంలో ఉన్న గుంటూరు, కృష్ణా, కర్నూలు జిల్లాల అంచుల్లోనూ 1946 నుంచి 1951 దాకా మూడు రకాల సాయుధ దళాలు తిరిగాయి. దేశ్‌ముఖుల మీద, వెట్టిచాకిరీ మీద తిరగబడిన ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు దళాలు మొదటివి. సంస్థానాన్ని స్వతంత్ర రాజ్యంగా నిలపాలని బయల్దేరిన రజాకార్లు రెండోవారు. సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపాలంటూ సరిహద్దుకు ఇవతల శిబిరాలు పెట్టి దాడులు చేసిన స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు మూడోవారు. మొదటి, మూడో పక్షాలకు శత్రువు ఒక్కడే. అయినా ఏడాది తిరగకముందే వాటి మధ్య పొత్తు చెడింది. నిజాం పోయాక ఊళ్లో భూమి ఎవరిదన్న ప్రశ్న దగ్గరే చెడింది. ఈ పోరు కథంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

కృష్ణ ఒడ్డున సరిహద్దు

నేటి పల్నాడు ప్రాంతానికి ఉత్తరాన కృష్ణానది పారుతుంది. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఎదుటి ఒడ్డున దాచేపల్లి వైపు పొందుగల ఉంటుంది. 1948 వరకు వాడపల్లి ఒడ్డు నిజాం రాజ్యం, పొందుగల ఒడ్డు మద్రాసు రాష్ట్రం. దక్షిణపు ఒడ్డు కూడా ఒకప్పుడు నిజాందే. ఉత్తర సర్కారులు 1766లో ఈస్టిండియా కంపెనీ పాలయినా గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలింది. ఆయన 1782లో చనిపోయాక, 1788లో అది కంపెనీ చేతికి వచ్చింది. నేటి ప్రకాశం జిల్లాకు పడమట ఉన్న మార్కాపురం, కంభం ప్రాంతాలు 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీకి దక్కాయి. అప్పటి నుంచి నది రెండు రాజ్యాలకు హద్దయింది. సంస్థానం తన అంచున కరోడ్‌గిరి నాకాలు పెట్టి, వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా సుంకం పిండేది.

హద్దు నది వెంట మాత్రమే తిన్నగా సాగింది. తూర్పున, కృష్ణా జిల్లా వైపు, అది ముక్కలు ముక్కలుగా ఉండేది. నల్గొండ జిల్లా నడిమధ్యలో మునగాల పరగణా బ్రిటిష్ వారి కింద, కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. అటు కృష్ణా జిల్లా నందిగామ దాపున పరిటాల చుట్టుపక్కల కొన్ని ఊళ్లు నిజాం చేతిలో ఉండేవి; వజ్రాల గనులున్న నేల కావడంతో సర్కారులు వదులుకున్నప్పుడు కూడా నిజాం వాటిని వదులుకోలేదు. పోలీసుకు ఈ చీలికలు పెద్ద అడ్డంకి. ఒక రాజ్యంలో వెంటాడితే నాలుగడుగులు వేసి రెండో రాజ్యంలో కాలు పెట్టవచ్చు. మునగాల అందుకే నల్గొండ కార్యకర్తలకు తొలినాటి నుంచీ తలదాచుకునే చోటయింది. 1930ల చివర్లో మునగాల జమీందారు మీద రైతులు చేసిన పోరాటంలో రాటుదేలినవాళ్లు అక్కడ అప్పటికే ఉన్నారు.

ఇవతలి ఒడ్డుకు కూడా తిరుగుబాటు కొత్త కాదు. 1921లో చీరాల–పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకున్నారు. పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పన్నులు కట్టబోమన్నారు. పల్నాటి అడవుల్లో పుల్లరి (పశువుల మేత పన్ను) ఎగ్గొట్టిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసులు కాల్చి చంపారు. 1934 తర్వాత ఈ జిల్లాల్లో కమ్యూనిస్టు పార్టీ వేళ్లూనింది. పత్తి, మిరప, పొగాకు, వరి పండించే మధ్యతరగతి రైతు కుటుంబాల చదువుకున్న కుర్రాళ్లు, కూలి సంఘాల వాళ్లు అందులో చేరారు. రేపల్లె తాలూకాకు చెందిన మాకినేని బసవపున్నయ్య అలా వచ్చినవాడే. కాంగ్రెస్ బలం కూడా తక్కువేం కాదు. నిడుబ్రోలు నుంచి రైతు ఉద్యమం నడిపిన ఎన్.జి. రంగా కమ్యూనిస్టులకు గట్టి ప్రత్యర్థి. తెలంగాణ పోరు మొదలయ్యేనాటికే ఇక్కడి పల్లెల్లో ఆ రెండు పక్షాలూ ఢీ అంటే ఢీ అంటున్నాయి. నది దాటినప్పుడు ఆ పగ కూడా వెంటే వెళ్లింది.

గుతపలు, వడిసెలలు, తుపాకులు

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరుపుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ తొలి పదేళ్లూ బడులు, గ్రంథాలయాలు, భాష గురించి పాటుపడింది. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక మితవాదులు విడిపోయారు. మూడేళ్ల తర్వాత సరిహద్దులో ఎదురుబొదురయిన శిబిరాలు నిజానికి ఈ చీలిక నుంచే మొదలయ్యాయి. సభ ఆ తర్వాత పల్లెల్లో ‘సంగం’గా మారింది, వెట్టి ఆపమంది, అక్రమ లెవీ ధాన్యం ఇవ్వవద్దంది, బేదఖళ్లను (రైతులను భూమి నుంచి వెళ్లగొట్టడాన్ని) అడ్డుకొంది. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. సాయుధ పోరాటానికి నాందిగా చెప్పుకునేది ఈ ఘటననే.

అప్పటి ‘సాయుధం’ అంటే గుతప కర్రలు, వడిసెలలు, ఆడవాళ్ల చేతిలో కారం పొడి. జొన్నచేలో పిట్టలు తోలే వడిసెలనే దొర గూండాల మీదికి తిప్పారు. వడిసెల రాయి తగినంత దూరం పోతుంది గాని తుపాకీ ముందు నిలవదు. 1946 చివర్లో నిజాం ప్రభుత్వం ఆంధ్రమహాసభను, కమ్యూనిస్టు పార్టీని నిషేధించి సైన్యాన్ని పల్లెల మీదికి పంపినప్పుడు ఆ సంగతి అందరికీ అర్థమైంది. ఆ దశలో ఎక్కువ మంది నాయకులు బెజవాడ వైపు తప్పుకున్నారు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. తుపాకులు, డబ్బు, మందులు, శిక్షణ ఇచ్చే మనుషులు కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వెళ్లారు. గాయపడ్డవాళ్లు అదే దారిన వచ్చి రైతుల ఇళ్లలో కోలుకునేవారు.

ఆయుధాల కన్నా ముందు నది దాటినవి పాటలు, నాటకాలు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం 1947లో వచ్చింది. తెలంగాణ రైతు కథను కోస్తా పల్లెల్లో ఆడి చందాలు వసూలు చేశారు; తర్వాత మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాసి షేక్ నాజర్ బుర్రకథకు జనం పొలాల మీదుగా నడిచి వచ్చేవారు.

కొన్నాళ్ల పొత్తు

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రాజ్యం ఏ యూనియన్‌లోనూ చేరదని ఫర్మానా ఇచ్చాడు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ ‘భారత్‌లో చేరండి’ ఉద్యమం మొదలుపెట్టింది. ఆగస్టు 15న దాని నాయకుడు స్వామి రామానంద తీర్థ జెండా ఎత్తి అరెస్టయ్యాడు. ఆ ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో కాంగ్రెస్ వారూ కమ్యూనిస్టులూ కలిసే పనిచేశారు. నిజాం ఖజానాకు రాబడి తెచ్చే ఈత, తాటి చెట్లను నరికారు, కరోడ్‌గిరి నాకాలను తగలబెట్టారు, పటేల్ పట్వారీల దగ్గరున్న లెక్కల కట్టలను లాక్కొని మంటల్లో వేశారు. పరిటాల ప్రాంతపు నిజాం ఊళ్లు తమను తాము స్వతంత్ర రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నదీ ఈ రోజుల్లోనే.

లెక్కల కట్టలు కాలినప్పుడు రెండు పక్షాలకూ ఒకే అర్థం తట్టలేదు. కాంగ్రెస్ కార్యకర్తకు అది నిజాం పాలన ఆగిపోవడం. సంగపు దళానికి అది దొర అప్పు పత్రం బూడిదవడం, ఆక్రమించుకున్న భూమి మళ్లీ రైతు చేతికి రావడం. కమ్యూనిస్టులు భూమి పంచడం మొదలుపెట్టగానే పొత్తు తెగింది. మొదట ఒక్కో కుటుంబానికి 500 ఎకరాల పరిమితి పెట్టి, దాన్ని 200 ఎకరాలకు, చివరికి 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణికి తగ్గించారు. దాంతో పెద్ద దేశ్‌ముఖులే కాక మోతుబరి రైతులు కూడా బెదిరారు. దొరలు గడీలు వదిలి బెజవాడ, గుంటూరు, కర్నూలు వచ్చారు. వారిలో కొందరు సరిహద్దు శిబిరాలకు డబ్బిచ్చారు, కొందరు శిబిరాల్లోనే కూర్చున్నారు. తన భూమి పంచిన దళం మీద పగ తీర్చుకోవాలని వచ్చిన దొరకూ, యూనియన్ జెండా ఎగరాలని చదువు మానుకొని వచ్చిన కుర్రవాడికీ ఒకే శిబిరం నీడయింది. సరిహద్దు శిబిరాల చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టేది ఈ కలయికే.

శిబిరాలు మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల రాష్ట్రాల అంచుల వెంట వెలిశాయి. తెలుగు వైపు బెజవాడ వాటికి కేంద్రం. రాష్ట్ర ప్రభుత్వాలు చూసీ చూడనట్టు ఊరుకున్నాయి. ఆయుధాలు, శిక్షణ గుట్టుగా అందాయి. మరాఠ్వాడా వైపు శిబిరాల వాళ్లు 1948 మొదట్లో ఉమ్రి బ్యాంకును కొల్లగొట్టి ఉద్యమానికి నిధి సమకూర్చారు. స్టేట్ కాంగ్రెస్‌లో సైతం స్వామి రామానంద తీర్థ వర్గం, బూర్గుల రామకృష్ణారావు వర్గం అంటూ రెండు ముఠాలు ఉండేవి. ఆ తగవు శిబిరాల దాకా పాకింది. మద్రాసు ప్రభుత్వం కాంగ్రెస్ శిబిరాలను సహించి, తన గడ్డ మీద కమ్యూనిస్టులను వేటాడింది. 1947 జనవరిలో, ప్రకాశం పంతులు ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చిన శాంతిభద్రతల ఆర్డినెన్స్ కింద వారిని జైళ్లలో పెట్టారు. 1948 నుంచి మలబార్ స్పెషల్ పోలీసులు కృష్ణా, గుంటూరు పల్లెల్లో గాలింపు మొదలుపెట్టారు. కృష్ణా జిల్లా కాటూరు, ఎలమర్రు ఊళ్లలో 1949లో వారు మగవాళ్లను వివస్త్రులను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన అవమానాన్ని ఆ జిల్లా పెద్దలు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు.

రజాకార్లు, బురుజులు

రజాకార్ల సంస్థ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు వాలంటీర్ విభాగంగా పుట్టింది. మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయాడు. 1946లో లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ పగ్గాలు పట్టాక అది ప్రైవేటు సైన్యంగా మారింది. 1947 నవంబర్ 29న నిజాం, భారత ప్రభుత్వం ఏడాది పాటు యథాతథ ఒప్పందం చేసుకున్నా ఊళ్లలో కాల్పులు ఆగలేదు. పోలీసులు, దొరల మనుషులతో కలిసి రజాకార్లు పల్లెల మీద పడి ఇళ్లు తగలబెట్టారు, ధాన్యం దోచారు, స్త్రీలను చెరిచారు. సరిహద్దు దాటి కృష్ణా జిల్లా ఊళ్ల మీద కూడా పడ్డారు. వేలాది కుటుంబాలు బెజవాడ, గుంటూరు వైపు వలస వచ్చాయి. రజాకార్లను వేలెత్తి చూపిన ముస్లింలనూ వారు వదల్లేదు; ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపారు.

జనగామ ప్రాంతపు బైరాన్‌పల్లి కథలో ఈ యుద్ధం ఊరి స్థాయిలో ఎలా నడిచిందో కనిపిస్తుంది. ఊరి నడుమ పాత బురుజును జనం బాగుచేసుకున్నారు. పైన కాపలా కుర్రాళ్లు, పక్కన నగారా, కొన్ని నాటు తుపాకులు, మందుగుండు, కుప్పలుగా వడిసెల రాళ్లు. దుమ్ము కనబడగానే నగారా మోగితే ఆడవాళ్లు పిల్లలను తీసుకొని ఇళ్లలోకి వెళ్లేవారు, మగవాళ్లు గోడల మీదికి ఎక్కేవారు. అలా రజాకార్లను ఒకటి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం బలగాలు, రజాకార్లు ఫిరంగితో సహా వచ్చి బురుజును కొట్టారు. దొరికినవాళ్లను ఊరి బయట వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవారి సంఖ్య వందకు అటూ ఇటూగా చెబుతారు. అప్పటికి భారత సైన్యం రావడానికి పదిహేడు రోజులే మిగిలాయి.

1948 మేలో నిజాం ప్రభుత్వం హఠాత్తుగా కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేసింది. పార్టీ నగర శాఖ ‘ఆజాద్ హైదరాబాద్’ నినాదాన్ని అందుకుంది. యూనియన్‌లో కలవడం బూర్జువా పాలన కిందికి పోవడమేనన్న, ప్రధాన కార్యదర్శి రణదివే నాటి పార్టీ విధానం దానికి వెనుక ఉంది. పల్లె దళాలు మాత్రం రజాకార్లతో పోరు ఆపలేదు. అయినా కాంగ్రెస్ వాళ్లకు ఆ నినాదం చేజిక్కిన ఆయుధమైంది. కమ్యూనిస్టులు రజాకార్లతో కుమ్మక్కయ్యారని ఊరూరా చాటారు. అరణ్యంలో రజాకారు తూటాకు ఎదురు నిలిచిన దళ సభ్యుడికి పట్నం నుంచి వచ్చిన ఆ ప్రకటన చేసిన చెరుపు ఇంతా అంతా కాదు.

ఇలాంటి బహుముఖ పోరు ప్రపంచంలో ఇదొక్కటే కాదు. తుర్కు సామ్రాజ్యం కింద ఉన్న మాసిడోనియాలో 1893లో సలోనికా కేంద్రంగా పుట్టిన అంతర్గత విప్లవ సంస్థ 1903 ఆగస్టులో ఇలిందెన్ తిరుగుబాటు లేవదీసి అణచివేతకు గురైంది. ఆ వెంటనే గ్రీసు, సెర్బియా, బల్గేరియాల నుంచి వచ్చిన ముఠాలు పల్లెలను పంచుకోవడానికి ఒకదాన్నొకటి వేటాడాయి. 1908 వరకు రైతు పగలు తుర్కుకు, రాత్రి ఏ ముఠా వస్తే దానికి తలొగ్గాడు. సంస్థలోని వర్గాలు కూడా ఒకరి నాయకులను ఒకరు చంపుకున్నాయి. అక్కడ పల్లెను చీల్చింది ఏ చర్చికి చెందుతావు, ఏ జాతివాడివి అన్న ప్రశ్న. తెలంగాణలో ఇరుపక్షాలదీ ఒకే భాష, చాలాసార్లు ఒకే కులం, ఒక్కోసారి ఒకే కుటుంబం, చీల్చింది భూమి. పొరుగు గడ్డ మీది శిబిరం, ఆ గడ్డ ప్రభుత్వం చాటున ఇచ్చే అండ, రెండు వైపుల నుంచీ ఊరి మీద పడే తిండి, చందా భారం రెండు చోట్లా ఒకటే.

పోలీసు చర్య తర్వాత

1948 సెప్టెంబర్ 13న ‘పోలీసు చర్య’ పేరుతో భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ నుంచి, మరొకటి బెజవాడ నుంచి సూర్యాపేట దారిన కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. రజాకార్లు చెదిరిపోయారు. వారి పాపానికి సామాన్య ముస్లింలు బలయ్యారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో హత్యలు ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్ల దుర్మార్గాలను వివరంగా రాసిన పుస్తకాలు ఈ అంకానికి ఒక్క పేరా కేటాయించకపోవడం న్యాయం కాదు.

సైన్యం వెనుకే దొరలు తిరిగివచ్చారు, చాలామంది ఖద్దరు టోపీలతో. శిబిరాల నుంచి వచ్చిన కార్యకర్తల్లో కొందరు వారి పక్కన హోంగార్డులుగా, దారి చూపేవారిగా నిలిచారు. పంచిన భూముల్లో పెద్ద దొరల భూములను తిరిగి లాక్కునే ప్రయత్నం జరిగింది, ఊళ్లు ప్రతిఘటించాయి. మూడు పక్షాల పోరు ఇప్పుడు ప్రభుత్వం, కమ్యూనిస్టు దళాల మధ్య పోరయింది. పార్టీ కూడా చీలిపోయింది. నిజాం పోయాడు కాబట్టి తుపాకీ దించాలని రావి నారాయణరెడ్డి వాదించాడు. పార్టీ నాయకులు సుందరయ్య, బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు, దేవులపల్లి వెంకటేశ్వరరావు తదితరులు, దించితే రైతు భూమి పోతుందన్నారు. మైదానంలో నిలవలేక దళాలు గోదావరి అడవులకూ, కృష్ణ పొడవునా అమ్రాబాద్, నల్లమల కొండలకూ తరలాయి. నల్లమల అవతలి అంచు మార్కాపురం, పల్నాడు ప్రాంతాలదే. చెంచుగూడేల్లో దళాలకు దారి చూపినవారిని, అన్నం పెట్టినవారిని పోలీసులు వేధించారు. అడవిలోని గూడేలను రోడ్డు పక్కకు తరలించారు.

ప్రభుత్వం తుపాకీతో పాటు చట్టాన్నీ వాడింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దళాలు లేవనెత్తిన కోరికలే ఇలా సగం సగంగా చట్టమయ్యాయి. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే అడగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. అదే ఏడాది మొదట్లో కమ్యూనిస్టు నాయకులు డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసి చర్చించారు. 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. సుందరయ్య లెక్క ప్రకారం మొత్తం పోరులో 4,000 మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారు. దాదాపు 3,000 ఊళ్లలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు.

కొద్ది నెలలకే వచ్చిన 1952 ఎన్నికల్లో నిషేధం తొలగని పార్టీ తరఫున ప్రజాస్వామిక ఫ్రంట్ పేరుతో పోటీచేసిన రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. ఇవతలి ఒడ్డున, మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో, ఆంధ్ర జిల్లాల నుంచి కమ్యూనిస్టులు 41 సీట్లు తెచ్చుకుని కాంగ్రెస్‌తో ఇంచుమించు సమానంగా నిలిచారు. 1955 నాటికి కాంగ్రెస్, రంగా, ప్రకాశం అనుయాయులు ఒక్కటవడంతో వారి బలం 15 సీట్లకు పడిపోయింది. తుపాకీతో సాగిన పోటీ ఓటు పెట్టె దగ్గర అలా తేలింది. 1956 నవంబర్ 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. మునగాల 1959లో నల్గొండ జిల్లాలో చేరింది.

ఈ పోరు గురించి మూడు పక్షాలూ విడివిడిగా రాసుకున్నాయి. స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాల్లో శిబిరాలు విలీనాన్ని సాధించిన వీరుల నెలవులు. 1972లో వెలువడిన సుందరయ్య గ్రంథంలో అవే శిబిరాలు దొరల ఆశ్రయాలు. రావి నారాయణరెడ్డి తన ‘నగ్న సత్యాలు’లో 1948 తర్వాత పోరును కొనసాగించిన తన పార్టీనే తప్పుపట్టాడు. సెప్టెంబర్ 17ను కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం ఆ రోజును 2022లో జాతీయ సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది.